యాసిడ్ సీసా – నీళ్ళ కుళాయి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు "బకాయిల సంగతి నేను చూసుకుంటాను, మీరు ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసినవి రెండే విషయాలు. ఒకటి ఫైలు పుటప్ చేయడం, రెండోది యాసిడ్. మొదటిది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, అంతా కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. కాబట్టి రెండోదే చెబుతాను.

నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి కాను. బి.కాం. తప్పి, టైపు హయ్యరు పాసై, గుమాస్తాగా చేరినవాణ్ణి. కాకపోతే సర్వీసులో ఎక్కువ భాగం కర్మాగారాల తనిఖీకి సంబంధించిన ఒక కార్యాలయంలో గడిచింది. ఏ జిల్లా, ఏ ఊరు అన్నది ఇక్కడ చెప్పను. నేను చెప్పబోయే సంగతిలో నా పొరపాటు ఉంది, దానికి పక్కవాళ్ళను బాధ్యుల్ని చేయడం ఇష్టం లేదు. ఆ కార్యాలయంలో ప్రమాద నివేదికలు టైపు చేయడం నా పని. నాలుగు కార్బన్ కాపీలు పెట్టి, గట్టిగా కొట్టి, ఎక్కడ ఎవరికి ఏ అవయవం పోయిందో ఎక్కించేవాణ్ణి. అలా నేర్చుకున్న చదువే నాది.

డిసెంబరు నెల

ఈ డిసెంబరు 17 మన పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు కూడా ఉన్నారు. ఇదంతా మీకు కంఠోపాఠమే.

ఇదే డిసెంబరులో మరికొన్ని తేదీలు ఉన్నాయి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు లీకైంది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఎరువుల కర్మాగారం నుంచి ఓలియం అనే పదార్థం ఆవిరై ఊరిమీద పడింది. ఓలియం అంటే పొగలు కక్కే గంధకామ్లం. ఆ పొగకు కోర్టు ప్రాంగణంలోని ఒక న్యాయవాది ప్రాణం పోయింది. ఆ కేసులో 1986 డిసెంబరు 20న జస్టిస్ భగవతిగారి ధర్మాసనం ఒక గొప్ప సూత్రం చెప్పింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసి లాభం తీసుకునేవాడు, దానివల్ల జరిగే హానికి పూర్తిగా బాధ్యుడు. 'నా జాగ్రత్తలో నేనున్నాను, నా తప్పేమీ లేదు' అనే సాకు చెల్లదు. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చి, ప్రమాదకరమైన పనుల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేరింది. మా సెక్షనుకు సర్క్యులర్లు వర్షంలా కురిశాయి. నా టైపు మిషను రిబ్బను నెలకొకటి మార్చాల్సి వచ్చేది.

గంధకామ్లం అంటే

అన్ని ఆమ్లాలలోకీ పెద్దన్న గంధకామ్లం, సల్ఫ్యూరిక్ యాసిడ్. ప్రపంచంలో ఏటా 20 కోట్ల టన్నులకు పైగా తయారవుతుంది. దానిలో ఎక్కువ భాగం ఎరువులకే పోతుంది. రాతి ఫాస్ఫేటును ఈ యాసిడ్‌తో కరిగిస్తేనే పొలానికి పనికొచ్చే భాస్వరం ఎరువు వస్తుంది. విశాఖపట్నంలో 1960ల చివరి నుంచీ ఈ పని జరుగుతోంది. అంటే మనం తినే అన్నం ముద్ద వెనకాల కూడా ఈ యాసిడ్ ఉంది. కాబట్టి దాన్ని తిట్టడానికి నేను రాలేదు. అది మంచి పనివాడు. మంచి పనివాడికి ఉండే కోపమే దానికీ ఉంది.

చిక్కటి గంధకామ్లం చూడ్డానికి ఆముదంలా జిగటగా ఉంటుంది. రంగు లేదు, మామూలు వేడిలో వాసన కూడా లేదు. లీటరు సీసా ఎత్తితే కిలో ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు తూగుతుంది. నీళ్ళ సీసా అనుకుని ఎత్తినవాడి చెయ్యి ఆ బరువుకే తూలుతుంది.

దానికి నీళ్ళంటే తీరని దాహం. ఒకసారి మా ఇన్‌స్పెక్టరుగారి వెంట ఒక కర్మాగారం లాబొరేటరీకి వెళ్ళాను. ఆయన నాకు చూపించడానికి ఒక గాజు గ్లాసులో రెండు చెంచాల పంచదార వేయించి, దాని మీద కాస్త యాసిడ్ పోయించారు. చూస్తుండగానే తెల్లటి పంచదార పచ్చబడి, గోధుమ రంగుకు తిరిగి, నల్లబడి, పొగలు కక్కుతూ బొగ్గుకడ్డీలా గ్లాసులోంచి పైకి లేచింది. "పంచదారలో నీళ్ళు ఉన్నట్టు కనబడవు. దానికి మాత్రం కనబడతాయి. లాగేసుకుంటుంది. మన చర్మం సంగతి ఆలోచించుకోండి" అన్నారాయన. ఆ రోజు ఆఫీసుకు వచ్చి కాఫీలో పంచదార వేసుకోలేకపోయాను.

రెండో సంగతి, నీళ్ళు కలిస్తే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందుకే పని చేసేవాళ్ళు మొట్టమొదట నేర్చుకోవలసిన సూత్రం, నీళ్ళలోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోసి కలపాలే గాని యాసిడ్‌లోకి నీళ్ళు ఎన్నడూ పోయకూడదు. నీళ్ళు తేలిక, యాసిడ్ బరువు. యాసిడ్ మీద నీళ్ళు పోస్తే అవి పైనే నిలిచి, అక్కడికక్కడే మరిగి, ఆవిరై, కాగే నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు చిట్లి మొహం మీదకు వస్తాయి. నూనె చిట్లితే బొబ్బ. ఇది చిట్లితే వేడికి వేడి, యాసిడ్‌కు యాసిడ్, రెండు కాలుళ్ళు ఒకేసారి.

మూడో సంగతి చాలామందికి తెలియదు. చిక్కటి యాసిడ్‌ను ఉక్కు ట్యాంకుల్లో నిలవ చేస్తారు. లోపలి గోడకు సన్నటి పొర కట్టి, అదే ఇనుముకు కాపలాగా నిలుస్తుంది. నీళ్ళు కలిసి పల్చబడితే ఆ కాపలా పోతుంది. పల్చని యాసిడ్ ఇనుమును తింటూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఖాళీ ట్యాంకే కదా అని కాసిని నీళ్ళు కొట్టి, ఆనక వెల్డింగు పెడితే ట్యాంకు పేలుతుంది. అందుకని 'పల్చనిదే కదా' అన్న మాట యాసిడ్ దగ్గర పనికిరాదు.

నాలుగోది, దాని తుంపర. పాత బ్యాటరీ కార్ఖానాల్లో చాలాకాలం పనిచేసినవాళ్ళ ముందుపళ్ళు అరిగిపోయి ఉండటం కద్దు. గాలిలో తేలే సన్నటి యాసిడ్ తుంపరే దానికి కారణం. ఇలాంటి బలమైన ఆమ్లాల తుంపరను పనిచోట ఏళ్ళ తరబడి పీల్చడం కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే తేల్చింది.

ముగించిన ఫైలు

ఇక నా సంగతి. 1980ల చివరి మాట. మా పరిధిలో ఒక చిన్న కర్మాగారం ఉండేది. ఇనుప తీగలకు పట్టిన తుప్పు వదిలించడానికి యాసిడ్ తొట్టెల్లో ముంచేవారు. మా ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వెళ్ళి, తొట్టెల పక్కనే అత్యవసర షవరు పెట్టాలని, పనివాళ్ళకు కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు ఇవ్వాలని నోటీసు ఇచ్చారు. షవరు అంటే స్నానాల గదిలోది కాదు. గొలుసు లాగితే నెత్తిమీద కుండపోతగా నీళ్ళు పడాలి. యాసిడ్ పడినవాడు పది సెకండ్లలో అందుకునేంత దగ్గరలో ఉండాలి.

నోటీసుకు రెండు రిమైండర్లు వెళ్ళాక జవాబు వచ్చింది. "తమరి ఉత్తర్వుల ప్రకారము షవరు ఏర్పాటు చేయబడినది. ఇందుమూలముగా తెలియజేయడమైనది." ఒకటే వాక్యం. అప్పుడు నెలాఖరు. పర్సనల్ రిజిస్టరులో పెండింగు కాగితాల లెక్క చూపించాల్సిన రోజు. ఇన్‌స్పెక్టరుగారు సెలవులో ఉన్నారు, మరో అధికారి ఇన్‌చార్జి. నేను నోట్‌ఫైలులో ఇలా రాశాను: "కర్మాగారము వారి నుండి సమాధానము అందినది. తదుపరి చర్య అవసరము లేదు. ఫైలు ముగించవచ్చును." సంతకం అయింది. ఫైలు కట్టి రికార్డు గదికి పంపాను. పెండింగులో ఒకటి తగ్గిందని సంతోషించాను కూడా.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ప్రమాద నోటీసు వచ్చింది. అదే కర్మాగారం. ఇరవై నాలుగేళ్ళ కాంట్రాక్టు కూలీ తొట్టె నింపుతున్నాడు. ముందు నీళ్ళు పోసి తర్వాత యాసిడ్ పోయాలని అతనికి చెప్పినవాళ్ళు లేరు. అడుగున యాసిడ్ ఉన్న తొట్టెలోకి బకెట్టుతో నీళ్ళు గుమ్మరించాడు. చిట్లి మొహం మీద పడింది. షవరు అక్కడే ఉంది. పరుగెత్తి గొలుసు లాగాడు. నీళ్ళు రాలేదు. పైపు నిలబెట్టారు, ఎర్ర రంగు వేశారు, బోర్డు కూడా రాశారు. ట్యాంకుకు మాత్రం కలపలేదు. కళ్ళు కనపడక తడుముకుంటూ వెనకవైపున ఉన్న బోరింగు దగ్గరికి చేరేసరికి చాలాసేపు గడిచింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది కొంత దక్కింది.

ఆ నివేదిక కూడా నేనే టైపు చేశాను. నాలుగు కాపీలు. అప్పటికీ నాకు ఇందులో నా ప్రమేయం ఉందని తట్టలేదు. నేను గుమాస్తాని, వాళ్ళు రాశారు, నేను పెట్టాను, ఆఫీసరు సంతకం చేశారు, అంతే కదా అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆ కుర్రాడే మా ఆఫీసుకు వచ్చాడు. నష్టపరిహారం కేసుకు ఏవో కాగితాల నకళ్ళు కావాలి. నల్ల కళ్ళద్దాలు, చెంప మీద ముడతలు పడ్డ చర్మం. నా బల్ల ముందు నిలబడి, "అయ్యా, షవరు ఉందని కాగితం రాశారంట గదా, అదొక్కసారి చూపిస్తారా" అన్నాడు. తీసి చూపించాను. "నాకు చదువు రాదండి, మీరే చదవండి" అన్నాడు. చదివాను. వాళ్ళ ఒక్క వాక్యం, దాని కింద నేను రాసిన మూడు వాక్యాలు, అంతా చదివాను. అతను కోపగించుకోలేదు. కాసేపు నిలబడి, "నీళ్ళు రాలేదండి" అన్నాడు. అంతే. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మిత్రులారా, సర్వీసులో మెమోలు తిన్నాను, ఇంక్రిమెంటు ఆగింది, బదిలీల మీద బదిలీలు అయ్యాయి. అవేవీ ఇప్పుడు గుర్తు లేవు. ఆ రెండు మాటలు గుర్తున్నాయి. ఆ నెలలోనే మా ఇన్‌స్పెక్టరుగారికి జరిగింది చెప్పి, ఆయన అనుమతితో తనిఖీ ఫారం చివర చేతిరాతతో ఒక గడి చేర్చాను: "షవరు గొలుసు లాగి చూడబడినదా? నీరు వచ్చినదా?" నేను ఆ సీటులో ఉన్నంతకాలం ఆ గడి నింపని ఫారం నా బల్ల దాటి పోలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే.

మా ఇంటి మెట్ల కింద

ఇదంతా కర్మాగారాల గొడవ, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. మీలో ఎంతమంది ఇళ్ళలో ఇన్వర్టరు ఉందో చేతులెత్తండి అంటే సభ అంతా చేతులే కనబడతాయి. ఆ ఇన్వర్టరు బ్యాటరీలో ఉన్నది గంధకామ్లమే. మూడింట ఒక వంతుకు కాస్త పైన యాసిడ్, మిగతాది నీళ్ళు.

రెండేళ్ళ కిందట మా బ్యాటరీ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు, పని అయ్యాక మిగిలిన యాసిడ్‌ను ఒక ఖాళీ మంచినీళ్ళ సీసాలో పోసి, "ఉంచండి అంకుల్, మళ్ళీ పనికొస్తుంది" అని మెట్ల కింద పెట్టి వెళ్ళాడు. యాసిడ్ ప్రమాదాల నివేదికలు వందల కొద్దీ టైపు చేసిన నేను, అక్కడే నిలబడి, సరే అన్నాను. దాని మీద ఒక చీటీ అయినా అంటించలేదు. ఈసారి చెప్పుకోవడానికి ఇన్‌చార్జి అధికారి కూడా లేడు.

ఉగాది ముందు ఇల్లు దులుపుతూ మా ఆవిడ ఆ సీసా చూసింది. పాత నీళ్ళు కాబోలు, పారబోద్దామని మూత తిప్పింది. ఎండకు పెళుసెక్కిన సీసా చేతిలో నలిగి, చిమ్మింది. మణికట్టు మీద, చెంప మీద, చీర మీద పడింది. "ఏమండీ, మండుతోందండీ" అని కేక వేసింది.

ఆ కేకకు నేను వెళ్ళేసరికే ఎదురింటావిడ నెయ్యి గిన్నెతో వచ్చారు. పక్కింటి అబ్బాయి టూత్‌పేస్టు అన్నాడు. ఇంకొకరు వంటసోడా రాయమన్నారు. అందరూ మేలు కోరేవాళ్ళే. నాకు మాత్రం ఆ క్షణంలో "నీళ్ళు రాలేదండి" అన్న మాట ఒక్కటే వినబడింది. ఎవరి మాటా వినకుండా ఆవిణ్ణి బాత్‌రూములోకి తీసుకెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టించి, మగ్గుతో మొహం మీద, కంటి మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. కోడలు వచ్చి చీర తీయించింది. గడియారం చూసి ఇరవై నిమిషాలు. ఐదు నిమిషాలకే "మంట తగ్గిందండీ, చాలు, జలుబు చేస్తుంది" అని మా ఆవిడ కసిరింది. "జలుబుకు మందుంది, నువ్వు ఊరుకో" అన్నాను. మా ఇంట్లో నా మాట నెగ్గిన సందర్భాలు తక్కువ. వాటిలో ఇదొకటి.

తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు కన్ను పరీక్షించి, "మీరు ముందు నీళ్ళు పోయకుండా నెయ్యి రాసి తీసుకొచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది" అన్నారు. ఇప్పుడు మణికట్టు మీద మినపగింజంత మచ్చలు మూడు ఉన్నాయి. ఆ రోజు చీర బాగానే ఉన్నట్టు కనపడింది. ఉతికి ఆరేస్తే జల్లెడలా చిల్లులు. ఆ చీర పారేయనివ్వలేదు. మెట్ల కింద తలుపుకు లోపలివైపు మేకుకు తగిలించి ఉంచాను, నాకు గుర్తుండటానికి.

ఇంటికి తీసుకెళ్ళవలసిన మాటలు

ఇక పనికొచ్చే మాటలు చెబుతాను. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వినాలి.

ఒకటి. మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ ఎన్నడూ పోయకండి, పోయనివ్వకండి. యాసిడ్ దాని సొంత డబ్బాలోనే, దాని పేరుతోనే ఉండాలి. పిల్లలకు అందకూడదు. అలాగని నెత్తిమీద అటక ఎక్కించకండి, దించేటప్పుడు మొహం మీద పడుతుంది. కింది అరలో పెట్టి తాళం వేయండి. ఇన్వర్టరు యాసిడ్ మిగిలితే తెచ్చినవాడికే అప్పగించండి.

రెండు. బ్యాటరీలో తగ్గేది నీళ్ళు, యాసిడ్ కాదు. కాబట్టి పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కుళాయి నీళ్ళు గాని, యాసిడ్ గాని పోయకూడదు. మూత తీసేటప్పుడు మొహం దాని మీదకు వంచకండి. మన చత్వారం కళ్ళజోడు పక్కనుంచి వచ్చే చుక్కను ఆపలేదు. అన్నివైపులా మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు పెట్టుకోండి. వాటి ఖర్చు కంటి డాక్టరు ఫీజు కంటే తక్కువ.

మూడు. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అది నిప్పురవ్వకు పేలుతుంది. గాలి ఆడని అలమరలో బ్యాటరీ పెట్టకండి. దాని దగ్గర దీపం, అగరువత్తి, సిగరెట్టు వద్దు. నీళ్ళ మట్టం చూడటానికి అగ్గిపుల్ల గీసిన మహానుభావులు ఉన్నారు, టార్చి వాడండి.

నాలుగు. బాత్‌రూము కడిగే యాసిడ్ వేరే జాతిది, హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాన్ని బ్లీచింగు పొడితో గాని, బ్లీచింగు ద్రవంతో గాని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు అదే. రెండూ వేస్తే రెట్టింపు శుభ్రం అనుకుని, తలుపు మూసుకుని తోమి, ఊపిరాడక పడిపోయినవాళ్ళు ఉన్నారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. ఏదో ఒకటే వాడండి, కిటికీ తెరిచి ఉంచండి. అసలు సబ్బు పొడితో పోయేదానికి యాసిడ్ ఎందుకు?

ఐదు, అన్నిటికంటే ముఖ్యం. ఒంటి మీద పడితే మొదటి మందు నీళ్ళు, రెండో మందు నీళ్ళు, మూడో మందు కూడా నీళ్ళే. చెంబుడు కాదు, ధార. కనీసం ఇరవై నిమిషాలు. నీళ్ళు పోస్తూనే తడిసిన బట్టలు, గాజులు, వాచీ తీసేయండి. చొక్కాను తలమీదుగా లాగకండి, కత్తిరించండి. కంట్లో పడితే రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని కడగాలి. పడిన కన్ను కిందివైపు ఉండేలా తల వంచండి, లేకపోతే ఆ నీళ్ళు రెండో కంట్లోకి పోతాయి. నెయ్యి, పసుపు, సిరా, టూత్‌పేస్టు, ఏవీ రాయకండి. సోడాతో విరుగుడు చేద్దామని చర్మం మీద ప్రయోగాలు వద్దు. ఒకరు నీళ్ళు పోస్తుంటే మరొకరు 108కి ఫోను చేయండి.

ఆరు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకండి. దిగేటప్పుడు కాల్చినది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. ఉప్పునీళ్ళు, సోడా, నిమ్మరసం పోయకండి. నోరు పుక్కిలించి ఉమ్మించి, డబ్బాను కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఏడు. బ్యాటరీ యాసిడ్ నేల మీద ఒలికితే గుడ్డతో తుడవకండి. వంటసోడా గాని, పొడి మట్టి గాని చల్లి, పొంగు తగ్గాక తొడుగులు వేసుకుని ఎత్తి, నీళ్ళతో బాగా కడగండి. సోడా నేలకు, ఒంటికి నీళ్ళు. ఈ తేడా మరిచిపోకండి.

ఎనిమిది. రోడ్డు మీద ట్యాంకరు పల్టీ కొడితే మనవాళ్ళు ముందు గుమిగూడతారు, తర్వాత ఏం ఒలికిందని అడుగుతారు. ట్యాంకరు వెనక బోర్డు మీద 1830 అన్న అంకె ఉంటే అది గంధకామ్లం. 8 అంకెతో, చేతి మీద ద్రవం పడుతున్న బొమ్మ ఉంటే ఒంటిని కాల్చే పదార్థం. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, ఆ వైపుకే దూరంగా జరిగి, 112కి ఫోను చేయండి. మనవలకు ఈ అంకెలు నేర్పండి, వాళ్ళకు మనకంటే బాగా గుర్తుంటాయి.

చట్టం గురించి ఒక్క మాట. ఆడపిల్లల మీద యాసిడ్ పోసే దుర్మార్గం మన రాష్ట్రాలూ చూశాయి. 2013 జూలై 18న సుప్రీంకోర్టు, లక్ష్మి అనే బాధితురాలు వేసిన కేసులో, యాసిడ్ అమ్మేవాడు రిజిస్టరు పెట్టాలని, కొనేవాడి గుర్తింపు కార్డు చూసి, ఎందుకో అడిగి రాసుకోవాలని, పద్ధెనిమిదేళ్ళ లోపువారికి అమ్మరాదని ఆదేశించింది. బాధితులకు కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ నేరానికి 2013లోనే ప్రత్యేక శిక్ష వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 124వ సెక్షను. యాసిడ్ పోసి ఒంటికి గాయం చేసినవాడికి పదేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష. మీ వీధి కొట్టులో ఏమీ అడగకుండా యాసిడ్ సీసా చేతిలో పెడుతుంటే, "రిజిస్టరు ఏది నాయనా?" అని మీరే అడగండి. రిజిస్టరు అడగడంలో మనకున్న అనుభవం ఇంకెవరికి ఉంది?

ముగింపు

పెద్దలారా, మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని మనమే వెళ్ళి, వేలిముద్ర వేసి నిరూపించుకుంటాం. ఎదురుగా మనిషి కూర్చున్నా కాగితం అడుగుతారని విసుక్కుంటాం. నేను మాత్రం ఈమధ్య విసుక్కోవడం మానేశాను. కాగితంలో 'ఉన్నది' అని రాస్తే చాలదు, ఉన్నదో లేదో ఎవరో ఒకరు చూడాలి. ఆ రోజు షవరు విషయంలో అలా చూసినవాడు లేడు. చూడమని రాయవలసినవాణ్ణి నేను.

అందుకని నాదొక విన్నపం. ప్రతినెలా ఒకటో తారీకున పెన్షను పడిందా అని ఫోనులో మెసేజి చూసుకుంటారు కదా. చూసుకున్నాక లేచి, బాత్‌రూములోకి వెళ్ళి ఒకసారి కుళాయి తిప్పండి. ధార వస్తోందా, పైన ట్యాంకులో నీళ్ళు ఉన్నాయా, కరెంటు లేకపోతే వాడుకోవడానికి ఒక నిండు డ్రమ్ము ఉందా చూడండి. ఆ తర్వాత మెట్ల కింద, స్టవ్వు గట్టు కింద, మోటారు గదిలో పేరు లేని సీసా ఏదైనా ఉందేమో వెతకండి. ఐదు నిమిషాల పని.

నేను చేస్తున్నాను. మొదటి నెల మా ఆవిడ నవ్వింది. ఇప్పుడు ఒకటో తారీకు పొద్దున్నే కాఫీ ఇస్తూ తనే అడుగుతోంది, "కుళాయి చూశారా?" అని.

చూశాను. నీళ్ళు వస్తున్నాయి.